బీఎస్సీ కెమిస్ట్రీలో చేర్చితే ప్రభుత్వ సాయం, ఉద్యోగం రెండూ దొరుకుతాయా?

బైపీసీలో మంచి మార్కులు వచ్చి, నీట్‌లో సీటు రాని మీ అమ్మాయిని బీఎస్సీ కెమిస్ట్రీలో చేర్చాలా అని అడిగారు. చేర్చండి. సాయమూ ఉంది, ఉద్యోగాలూ ఉన్నాయి. అయితే ప్రభుత్వం డబ్బిచ్చేది పరిశోధకులు తయారవ్వాలని, కంపెనీలకు కావలసింది ల్యాబ్‌లో చెయ్యి తిరిగినవాళ్లు. ఇన్‌స్పైర్ స్కాలర్‌షిప్‌తో చదువుకుని, విశాఖ దగ్గర పరవాడలో ఒక మందుల కంపెనీ క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్‌లో చేరి, ఇప్పుడు అక్కడే కొత్తవాళ్లను ఇంటర్వ్యూ చేస్తున్నదాన్ని కాబట్టి ఈ తేడా నాకు రోజూ కనిపిస్తూనే ఉంటుంది.

ముందు డబ్బు సంగతి. కేంద్ర శాస్త్ర, సాంకేతిక శాఖ 2008లో ఇన్‌స్పైర్ మొదలుపెట్టింది. ఇందులో డిగ్రీ నుంచి ఎమ్మెస్సీ దాకా ఏడాదికి 80 వేల రూపాయలు వస్తాయి. 60 వేలు విద్యార్థి చేతికి, 20 వేలు వేసవి ప్రాజెక్టుకు. ఇంటర్ బోర్డు పరీక్షలో మొదటి 1 శాతంలో ఉన్నవాళ్లు అర్హులు. ఇంజినీరింగ్, ఫార్మసీ చదివేవాళ్లకు రాదు, మౌలిక శాస్త్రాలకే. డిగ్రీలో చేరాక దరఖాస్తు మనమే పెట్టుకోవాలి. కాలేజీ వాళ్లు చెబుతారులే అని కూర్చుంటే గడువు దాటిపోతుంది. డబ్బు కూడా నెలనెలా రాదు, అందుకని హాస్టల్ ఖర్చు దాని మీద పెట్టుకోవద్దు. ఆదాయ పరిమితిలో ఉంటే రాష్ట్ర ప్రభుత్వ ఫీజు రీయింబర్స్‌మెంట్ ఎలాగూ ఉంటుంది.

నన్నడిగితే ఇన్‌స్పైర్‌లో అసలు విలువ 60 వేలది కాదు, ఆ వేసవి ప్రాజెక్టుది. మా కాలేజీలో హెచ్‌పీఎల్‌సీ యంత్రం (మందులో ఏ పదార్థం ఎంత ఉందో విడదీసి కొలిచేది) ఉండేది కానీ తనిఖీ బృందం వస్తేనే దాని కవరు తీసేవారు. ప్రాజెక్టు కోసం ఒక యూనివర్సిటీ ల్యాబ్‌కు వెళ్లాకే మొదటిసారి మొబైల్ ఫేజ్, అంటే ఆ యంత్రంలో పారే ద్రావణం, కలిపి, వడకట్టి, గాలి బుడగలు పోగొట్టి, పదార్థాలను విడదీసే గొట్టమైన కాలమ్‌కు ఎక్కించాను. ఉద్యోగ ఇంటర్వ్యూలో నన్ను నిలబెట్టింది అదే.

హైదరాబాద్ చుట్టూ పాశమైలారం, జిన్నారం, జడ్చర్ల, ఇటు పరవాడ, అచ్యుతాపురం. ఎక్కడ చూసినా కెమిస్టులు కావాలనే అంటారు. అయినా వచ్చిన అభ్యర్థుల్లో చాలామందిని వెనక్కి పంపుతాం. మేమేమీ గొప్ప ప్రశ్నలు వెయ్యం. ఒక బ్యూరెట్ (కొలత గీతలు, కింద కుళాయి ఉన్న పొడవాటి గాజు గొట్టం) ఇచ్చి టైట్రేషన్ చెయ్యమంటాం, అంటే ద్రావణాన్ని చుక్కచుక్కగా కలిపి గాఢత కొలవడం. ద్రావణం పోశాక పైన గరాటు తీశారా? రీడింగు తీసేటప్పుడు కన్ను ఆ మట్టానికి వంచారా? అంకె తప్పుపడితే ఒక్క గీత కొట్టి, పక్కన సంతకం, తేదీ వేశారా, లేక దిద్దేశారా? మందుల పరిశ్రమలో ఆ దిద్దుడు పెద్ద నేరం. డిస్టింక్షన్ వచ్చినవాళ్లు కూడా గరాటు అలాగే వదిలేస్తారు. వాళ్ల తప్పు కాదు, ఒక్క బ్యూరెట్ చుట్టూ నలుగురు నిలబడి రికార్డులు రాసుకుని వచ్చినవాళ్లు.

ఈ లోటు పూడ్చడానికీ పథకాలు ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 నుంచి డిగ్రీలో ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు. మంచి నిర్ణయమే కానీ ఊళ్లో తెలిసిన షాపులో సర్టిఫికెట్ రాయించుకునేవాళ్లూ ఉన్నారు. అలా చేయనివ్వకండి. డిగ్రీ అయ్యాక అప్రెంటిస్‌షిప్ ఉంది. 2014లో చట్టం సవరించాక ఇంజినీరింగ్ కాని డిగ్రీలకూ ఆ దారి తెరుచుకుంది. కనీస స్టైపెండ్‌లో సగం కేంద్రం భరిస్తుంది. ఏడాది పాటు నిజమైన ల్యాబ్‌లో పని చేసినవాళ్లను మేం రెండో ప్రశ్న వెయ్యకుండా తీసుకుంటాం.

మొదటి జీతం సాఫ్ట్‌వేర్‌లో చేరిన స్నేహితురాలి జీతంతో పోల్చుకుంటే చిన్నబుచ్చుతుంది. షిఫ్టులు కూడా ఉంటాయి, చేరే ముందే అడగాలి. పరిశోధన మీద మనసుంటే ఎమ్మెస్సీ చేసి, నెట్ అనే జాతీయ అర్హత పరీక్ష రాసి, పరిశోధన చేసేవాళ్లకిచ్చే జేఆర్ఎఫ్ ఫెలోషిప్ తెచ్చుకోవచ్చు, 2023 నుంచి అది నెలకు 37 వేలు.

కాలేజీ చూడటానికి వెళ్లినప్పుడు ర్యాంకుల ఫ్లెక్సీలు కాదు, ల్యాబ్ చూపించమనండి. ఒక్కొక్కరికి ఒక బ్యూరెట్ అందుతుందా అని అక్కడి పిల్లల్నే అడగండి. తాళం చెవి కోసం అటెండర్‌ను వెతకాల్సి వస్తే వేరే కాలేజీ చూసుకోండి.