చెన్నైలో మొదటి పుట్టినరోజు: ముందు ఆకుల లెక్క, తర్వాత కేకు

నరసరావుపేట నుంచి వచ్చి షోలింగనల్లూరులో కాపురం పెట్టిన ఒకమ్మాయి అడిగింది. నవంబరు చివర్లో పాపకి ఏడాది నిండుతుందట. అత్తగారు ఆయుష్య హోమం అంటున్నారు, భర్త పార్టీ హాలు, జంగిల్ థీమ్ అంటున్నాడు, ఊరి నుంచి నలభై మంది వస్తామంటున్నారు, ఇక్కడేమో పక్క ఫ్లాటు వాళ్ల పేరు కూడా తెలియదు, ఇంత జనంలో ఉండీ ఒంటరిగా అనిపిస్తోంది, ఏం చేయమంటారు అని.

ఒంటరితనం సంగతి తర్వాత చూద్దాం అమ్మా. హాలుకి అడ్వాన్సు కట్టేశారా లేదా, అది చెప్పండి. కట్టకపోతే ఆగండి. కట్టేసి ఉంటే ఆ రసీదు తీసి వెనక వైపు సన్నక్షరాలు చదవండి, మీ ఆయన చేత కూడా చదివించండి.

అమెరికా వెళ్లిన మనవాళ్లకి సలహాలు చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. చెన్నై వచ్చిన వాళ్లకి ఎవరూ చెప్పరు. వీసా అక్కర్లేదు, రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి సెంట్రల్‌లో దిగుతాం, సగం షాపుల్లో తెలుగు అర్థమవుతుంది, ఇంకేం కావాలి అనుకుంటారు. నేనూ బాపట్ల నుంచి అలాగే వచ్చాను. ఇల్లు చూపించిన బ్రోకరు పది నెలల అద్దె అడ్వాన్సు అన్నప్పుడే ఈ ఊరి లెక్క వేరని అర్థం కావాల్సింది. కాలేదు. పెద్దవాడి మొదటి పుట్టినరోజు దాకా ఆగింది.

అప్పట్లో మేం వేళచ్చేరిలో ఉండేవాళ్లం. 2015 వరదల తర్వాత ఆ పేరు అందరికీ తెలిసింది గానీ, అంతకు ముందు కూడా గట్టి వాన పడితే అక్కడ మోకాళ్ల లోతు నీళ్లే. ఈ ఊళ్లో వానాకాలం మన జూన్, జులై కాదు, ఈశాన్య రుతుపవనాలది, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. నేను ఏం చేశానంటే నవంబరు నెలాఖరుకి ఒక మినీ హాలు మాట్లాడాను. కొత్తగా ఉద్యోగంలో స్థిరపడ్డాను, చేతిలో నాలుగు డబ్బులు ఆడుతున్నాయి, మా మేనత్త కొడుకు ఊళ్లో వాడి కూతురికి చేసిన ఫంక్షను కళ్లలో మెదులుతోంది. దానికి తగ్గకూడదు అనుకున్నాను.

వంట కాంట్రాక్టు ఆయన మొదట అడిగింది ఒక్కటే, ఎన్ని ఆకులు? ఇక్కడ ప్లేటు లెక్క కాదు, ఆకు లెక్క, ఆకు అంటే అరిటాకులో వడ్డించే ఒక భోజనం. ఎంతమంది వచ్చారో ఆయనకి అనవసరం, మనం ఒప్పుకున్న ఆకులకి డబ్బు ఇవ్వాల్సిందే, ఎక్కువ తెగితే పైన లెక్క. నేను ఊళ్లో పెద్దమనిషిలా 150 అన్నాను, ఆకుకి 80 రూపాయలు. హాలు ఆయన అద్దె ఒకటే చెప్పాడు. ఈబీ వేరు, జనరేటరు డీజిలు వేరు, క్లీనింగు వేరు అని ఫంక్షను అయ్యాక చెప్పాడు. ఈబీ అంటే కరెంటు బిల్లు. లోపలికి వెళ్లేటప్పుడు మీటరు రీడింగు రాసుకోవాలి, బయటికి వచ్చేటప్పుడు ఇంకోసారి చూడాలి. ఇది నాకెవరూ చెప్పలేదు, మీకు నేను చెబుతున్నాను, ఇప్పటికైనా ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి.

ఇక వాన. ముందు రోజు మధ్యాహ్నం మొదలై ఆగలేదు. బాపట్ల, చీరాల నుంచి మావాళ్లంతా పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో బయలుదేరారు, ఎప్పుడూ మధ్యాహ్నం భోజనం వేళకల్లా తెచ్చి దింపే బండి, పట్టాల మీద నీళ్లని గూడూరులో నిలబడిపోయింది. వాళ్లు సాయంత్రం దాకా చూసి చూసి, దొరికిన బస్సెక్కి నెల్లూరు వెళ్లి, అక్కడ మా పెద్దమ్మ ఇంట్లో శుభ్రంగా భోంచేసి, మర్నాడు ఊరికి వెనక్కి వెళ్లిపోయారు. వాళ్ల తప్పేం లేదు. కానీ వెళ్లింది ఎవరు? మా మేనమామలు, బాబాయిలు, వియ్యాలవారి వైపు జనం, అంటే చదివింపులు చదివించే వాళ్లంతా అన్నమాట.

మీకిది మొరటుగా అనిపించవచ్చు. అనిపించనివ్వండి. ఊళ్లో ఫంక్షను అంటే మనం పెట్టే ఖర్చు ఎక్కడికీ పోదు. నేను మీ ఇంట్లో వెయ్యి చదివించాను, పుస్తకంలో రాశారు, రేపు మా ఇంట్లో ఫంక్షనుకి మీరు ఆ పుస్తకం చూసుకుని వెయ్యి నూటపదహార్లు తెస్తారు. మా నాన్నగారు ఇరవై ఏళ్లు అందరి పెళ్లిళ్లకీ, పుట్టినరోజులకీ, ఓణీలకీ తిరిగి చదివించింది ఆ ఊళ్లో ఉంది, చెన్నైలో లేదు. తమిళుల్లోనూ ఈ పద్ధతి ఉంది, మొయి అంటారు, మధురై, తంజావూరు వైపు నోటు పుస్తకం పెట్టి మరీ రాసుకుంటారు. కానీ వాళ్ల పుస్తకంలో మన పేరు ఉండదు. ఇక్కడి ఆఫీసు వాళ్లు ఒక బొమ్మ కారు పట్టుకొచ్చి, కేకు తిని, ఫొటో దిగి వెళతారు. మా ఇంట్లో ఆ ఏడాది పసుపు రంగు బొమ్మ కార్లు ఎన్ని పోగయ్యాయో!

సరే, వచ్చింది ఎవరంటే మా వీధి వాళ్లు. ప్యాంట్లు మడుచుకుని, చీరెలు ఎత్తి పట్టుకుని, నీళ్లలో నడుచుకుంటూ వచ్చారు, మేడ మీద ఉండే తమిళావిడ, మేం మామి అనేవాళ్లం, ఆవిడైతే తడవకుండా ఒక వెండి గిన్నె కొంగులో చుట్టి తెచ్చింది. వాళ్లు రాబట్టే అరవై ఆకులైనా తెగాయి. మిగతా తొంభై ఆకులకీ డబ్బు కట్టాను, తొంభై ఎనభైలు ఎంతో మీరే వేసుకోండి.

హోమం సంగతి కూడా చెప్పాలి. ఎలాగోలా ముందు రోజే వచ్చేసిన మా మామగారు, ఇక్కడి వాధ్యార్, అంటే తమిళ పురోహితుడు, సంకల్పంలో కార్తీక మాసే అనకుండా వృశ్చిక మాసే అన్నాడని లేచి నిలబడ్డారు. వాధ్యార్‌ది సూర్యుణ్ణి బట్టి నెలలు లెక్కించే సౌరమానం, మనది చంద్రుణ్ణి బట్టి లెక్కించే చాంద్రమానం, రెండూ సరైనవే, కానీ ఆ సమయంలో మామగారికి ఎవరు చెబుతారు? పిల్లవాడు పొగకి ఏడుపు, ఏడుపుకి వాంతి. కేకు కోసే వేళకి నిద్రపోయాడు, లేపితే బెలూన్లు చూసి జడుసుకున్నాడు. ఫొటోగ్రాఫరు తీసిన వాటిలో వాడు కళ్లు తెరిచి ఉన్నది ఒక్కటే, అందులో పక్కన కాంట్రాక్టు ఆయన లెక్క కాగితం పట్టుకుని నిలబడి ఉన్నాడు. భోజనాల్లో ముద్దపప్పు లేదు, గోంగూర లేదు, మామగారు రెండు పూటలా పెరుగన్నమే తిన్నారు. ఇవన్నీ చిన్న విషయాలు, వీటికి ఎవరూ చావరు. ఆకుల డబ్బు మాత్రం తిరిగి రాదు.

ఇక మీ విషయం. మీ పాప నవంబరులో పుట్టింది కాబట్టి మీ ఇంట్లో తొందర్లోనే గొడవ మొదలవుతుంది, నేను ముందే చెబుతున్నాను. మామూలుగా తిథి ఇంగ్లీషు తేదీ కంటే ఓ 11 రోజులు ముందే వచ్చేస్తుంది, మధ్యలో అధిక మాసం పడితే 18, 19 రోజులు ఆలస్యం అవుతుంది. ఈ 2026లో అధిక జ్యేష్ఠం ఉంది. అంటే తేదీ నవంబరు చివర, మీ అత్తగారి తిథి డిసెంబరు నడిమి, ఇక్కడి పురోహితుడిని అడిగితే సౌరమాసంలో జన్మనక్షత్రం చూసి మూడో రోజు చెబుతాడు. మూడు రోజులకి మూడు ఖర్చులు పెట్టే ఆలోచన ఎవరికైనా ఉంటే ఇప్పుడే తుంచేయండి. ఒక రోజు ఇంట్లో తలంటి, కొత్త గౌను వేసి, దీపం పెట్టి హారతి ఇచ్చి పాయసం చేసుకుంటే చాలు. హోమం కావాలంటే అదీ ఇంట్లోనే, సామాన్లు పురోహితుడు తెస్తాడా మనం తేవాలా, దక్షిణ అందులో కలిపేనా విడిగానా, ముందే మాట్లాడుకోండి. తెలుగు పురోహితులు ఈ ఊళ్లో బాగానే దొరుకుతారు, టీనగర్ వెంకటనారాయణ రోడ్డులో టీటీడీ గుడికి వెళ్లేవాళ్లని ఎవరిని అడిగినా చెబుతారు. మా మామగారికి వచ్చిన సమస్య మీకు రాదు.

పెద్ద ఫంక్షను ఊళ్లో చేయండి. మా రెండోదానికి నేను చేసింది అదే. అది డిసెంబరులో పుట్టింది. ఇక్కడ పుట్టినరోజు నాడు పాయసం, వీధిలో వాళ్లకి తలా గ్లాసు. అసలు ఫంక్షను సంక్రాంతికి బాపట్లలో. పండక్కి అందరూ ఎలాగూ వస్తారు, ఎవరికీ విడిగా టికెట్టు పెట్టక్కర్లేదు, అరిసెలు ఎలాగూ వండుతారు. భోగి నాడు సాయంత్రం పిల్లకి భోగిపళ్లు పోశాం, రేగిపళ్లు, చెరుకు ముక్కలు, బంతి రేకులు, చిల్లర, పక్కనే ఒక చిన్న కేకు. హాలు లేదు, ఈబీ లేదు, వాకిట్లో షామియానా. వంట మా పిన్నుల పర్యవేక్షణలో. చదివింపుల పుస్తకం మా తమ్ముడు రాశాడు. ఖర్చు పోను మిగిలింది. పిల్ల పుట్టినరోజుకి జమాఖర్చులు రాసిన మనిషిని నిన్నే చూశానని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది. అననీయండి, మేం ఇప్పుడుంటున్న ఫ్లాటు ఆ జమాఖర్చుల వల్లే వచ్చింది.

రైలు టికెట్లు మాత్రం మర్చిపోకండి. ఇదివరకు 120 రోజుల ముందు దొరికేవి, 2024 నవంబరు నుంచి 60 రోజులే చేశారు. సంక్రాంతికి చెన్నై నుంచి మన వైపు వెళ్లే బళ్లు బుకింగు తెరిచిన పొద్దున్నే నిండిపోతాయి. ఆ రోజు అలారం పెట్టుకోండి, ప్రైవేటు బస్సుల పండగ రేట్లు చూశాక ఏడ్చి లాభం లేదు.

పుట్టువెంట్రుకల మొక్కు ఉంటే మాత్రం చెన్నైలో ఉండటం మీ అదృష్టమే, నరసరావుపేట కంటే ఇక్కడి నుంచే తిరుపతి దగ్గర, మూడు నాలుగు గంటల దారి. కళ్యాణకట్టలో తలనీలాలకి డబ్బు తీసుకోరు, వెంగమాంబ అన్నప్రసాదంలో భోజనానికి డబ్బు తీసుకోరు. దీన్ని మించిన పుట్టినరోజు నాకు తెలిసి లేదు, హుండీలో ఎంత వేస్తారన్నది మీ భక్తి. చంటిపిల్లలతో వెళ్లేవాళ్ల దర్శనం నిబంధనలు టీటీడీ వెబ్‌సైటులో చూసుకోండి, మారుతూ ఉంటాయి.

మీ ఆయన జంగిల్ థీమ్ దగ్గరే ఆగిపోయి ఇక్కడే హాలు అని పట్టుపడితే, నవంబరు, డిసెంబరు నెలల్లో పల్లపు ప్రాంతంలో వద్దు, వేళచ్చేరి, మడిపాక్కం వైపు అసలే వద్దు. ఆకులు మీరు అనుకున్న దాంట్లో సగానికి ఒప్పుకోండి, పైన తెగితే ఏం రేటో రాయించుకోండి. వాన వల్ల రద్దయితే అడ్వాన్సు వేరే తేదీకి మారుస్తారా అని అడిగి, అవునంటే అదీ రాయించుకోండి. బిల్లు మీద జీఎస్టీ కలిపే చెప్పారా, రాత్రి పదికి మైకు ఆపాలన్న నిబంధన హాలు వాళ్లు పాటిస్తారా, ఇవి అడిగితే తెలిసిపోతాయి. రిటర్న్ గిఫ్టులు ప్యారీస్ కార్నర్ హోల్‌సేల్‌లో కొనండి, మాల్‌లో కాదు.

ఇంకోటి, పాప బర్త్ సర్టిఫికెట్‌లో పేరు ఎక్కించారా? ఆసుపత్రి హడావుడిలో చాలామంది పేరు లేకుండానే తీసుకుంటారు. రిజిస్టరు అయిన రోజు నుంచి 12 నెలల లోపు అయితే ఫీజు లేదు, తర్వాత ఆలస్య రుసుము. బెలూన్ల కంటే ముందు ఆ పని చూడండి.

ఒంటరితనం అన్నారు కదా. పాయసం గ్లాసు పట్టుకుని పక్క ఫ్లాటు తలుపు కొట్టండి, అంతే, దానికి ఖర్చు కూడా ఏమీ లేదు. మా మేడ మీద మామి అలాగే పరిచయమైంది, పిల్లలిద్దరినీ స్కూలు నుంచి వచ్చాక ఆవిడే చూసేది, లేకపోతే క్రెష్‌కి నెలనెలా ఎంత పోసేవాళ్లమో.

మీ అత్తగారు పాపకి గొలుసు పెడతానన్నారని రాశారు. ఊళ్లో తెలిసిన కంసాలి దగ్గరా, ఇక్కడ టీనగర్‌లోనా అంటే, ఇక్కడే కొనమనండి, డిజైన్లు ఎక్కువ, పోటీ ఎక్కువ. కానీ గ్రాము రేటు చూసి మురిసిపోవద్దు, తరుగు ఎంత శాతమో అడగండి, ఇక్కడ సేదారం అంటారు, బేరం జరిగేది దాని మీదే. హాల్‌మార్కుతో పాటు హెచ్‌యూఐడీ, అంటే ఆ నగకి మాత్రమే ఇచ్చే, అక్షరాలూ అంకెలూ కలిసి ఆరు ఉండే నంబరు ఉందా చూడండి, 2023 ఏప్రిల్ నుంచి అది లేకుండా అమ్మకూడదు. ఆదివారం మాత్రం వెళ్లకండి, పాపని ఎత్తుకుని రంగనాథన్ వీధిలో ఆ జనంలో పడ్డారంటే గొలుసు కొనకుండానే ఆటో ఎక్కి ఇంటికి వచ్చేస్తారు, ఆ ఆటో ఛార్జీ దండగ.