డాక్యుమెంటరీలో నటన ఉండొచ్చా?

ప్రశ్న: ‘నానూక్ ఆఫ్ ద నార్త్’ ఎంతో ఇష్టంగా చూశాను. అందులో చాలా భాగం నటనేనని తర్వాత తెలిసింది. ఇంక డాక్యుమెంటరీలని ఎలా నమ్మమంటారు?

జవాబు: మీకు తెలిసింది నిజమే. కెనడా ఉత్తరాన ఉండే ఇన్యూట్ ప్రజల మీద రాబర్ట్ ఫ్లాహెర్టీ 1922లో విడుదల చేసిన సినిమా అది. అందులో నానూక్‌గా కనబడే మనిషి అసలు పేరు అల్లకరియల్లక్. భార్యగా కనబడే ఆవిడ అతని భార్య కాదు. మంచుగడ్డలతో కట్టే ఇంట్లో కెమెరాకి వెలుతురు చాలక, ఒకవైపు తెరిచి ఉన్న ఇల్లు కట్టించి అందులో షూటింగ్ చేశారు. వాళ్ళు అప్పటికే తుపాకులు వాడుతున్నా, పాతకాలంలోలాగా ఈటెలతో వేటాడమని ఫ్లాహెర్టీయే అడిగాడు.

నన్నడిగితే ఆ తెరిచిన ఇంటి సంగతి వదిలెయ్యొచ్చు, అప్పటి కెమెరాతో ఇంకేం చేస్తాడు. తుపాకులు దాచడం మాత్రం అలాంటిది కాదు, ఎందుకంటే తన కాలంలోనే తనతో పాటే బతుకుతున్న మనుషుల్ని ఎప్పటివాళ్ళో అన్నట్టు చూపించాడు, చూసినవాళ్ళు అదే నిజమనుకున్నారు.

అలాగని నటన ఉంటే చాలు అబద్ధమే అనుకోకండి. ఎరల్ మారిస్ 1988లో తీసిన ‘ద థిన్ బ్లూ లైన్’లో డాలస్‌లో జరిగిన ఒక పోలీసు హత్యని నటులతో మళ్ళీ మళ్ళీ చేయించాడు, ఒక్కో సాక్షి చెప్పిన ప్రకారం ఒక్కోలా. అవి ఒకదానితో ఒకటి పొసగట్లేదని చూసేవాడికే తెలిసిపోతుంది. చెయ్యని నేరానికి శిక్ష పడిన మనిషి ఆ మరుసటి ఏడాదే జైలు నుంచి బయటికొచ్చాడు. ‘ద యాక్ట్ ఆఫ్ కిల్లింగ్’ (2012) ఇంకా విచిత్రం. ఇండోనేషియాలో 1965-66 ఊచకోతల్లో మనుషుల్ని చంపినవాళ్ళే, తమకిష్టమైన సినిమాల ఫక్కీలో ఆ హత్యలని నటించి చూపిస్తారు, అదీ గొప్పగా చెప్పుకుంటూ. టైటిల్స్‌లో ఆ దేశపు సిబ్బంది చాలామందికి పేర్లుండవు, ‘అజ్ఞాత వ్యక్తి’ అని మాత్రమే వేశారు. ఎవరికి ఇంకా భయమో, ఎవరికి లేదో ఆ టైటిల్స్ చూస్తే తెలుస్తుంది. ఈ రెండింటిలోనూ మనం చూస్తున్నది నటన అని మనకి తెలుస్తూనే ఉంటుంది. ఫ్లాహెర్టీ సినిమాలో తెలియదు. నేను చూసే తేడా ఇదే.

ప్రశ్న: వెనకనుంచి ఎవరూ ఏమీ చెప్పని డాక్యుమెంటరీలు బోర్ కొడుతున్నాయి. అర్థం కాకపోవడం నా లోపమా?

జవాబు: కాదు. ఫ్రెడరిక్ వైజ్‌మన్ లాంటి దర్శకులు వ్యాఖ్యానం, ఇంటర్వ్యూలు కావాలనే పెట్టరు. ఓపిక లేని రోజు చూడకండి, అంతే. అయితే వ్యాఖ్యానం లేదు కాబట్టి దర్శకుడు తన అభిప్రాయం చెప్పడం లేదని మాత్రం అనుకోవద్దు, ఏది ఉంచాలో ఏది కత్తిరించాలో ఎడిటింగ్‌లో తేల్చింది ఆయనే కదా.

ప్రశ్న: యుద్ధం మీద సినిమాలు చూస్తే రెండు మూడు రోజులు మనసు మనసులో ఉండదు. చూడకపోతే తప్పు చేసినట్టూ ఉంటుంది.

జవాబు: తప్పేం లేదు, టెన్షన్ పడకండి. కానీ అవి ఎందుకు తీస్తారో చూడండి. 2022లో ఉక్రెయిన్‌లోని మరియుపోల్‌లో ప్రసూతి ఆసుపత్రి మీద బాంబులు పడితే, ఆ దృశ్యాలు నటన అని రష్యా అధికారులు కొట్టిపారేశారు. ముట్టడిలో ఉన్న ఆ ఊళ్ళో ఉండిపోయి వాటిని చిత్రీకరించిన విలేకరి మిస్తిస్లావ్ చెర్నోవ్, ఆ ఫుటేజ్‌తోనే ‘20 డేస్ ఇన్ మరియుపోల్’ తీశాడు. జరగలేదు అనేవాళ్ళకి అదొక సాక్ష్యం. రక్తం చూడలేనంటారా, క్లాడ్ లాంజ్‌మన్ ‘షోవా’ (1985) ఉంది. నాజీలు చేసిన యూదుల సామూహిక హత్యల మీద తొమ్మిది గంటలకి పైగా నడిచే సినిమా, పాత ఫుటేజ్ ఒక్క ముక్క కూడా వాడలేదు, అన్నీ బతికున్నవాళ్ళ మాటలే. తేలిగ్గా ఉంటుందని మాత్రం చెప్పను. కొద్దికొద్దిగా చూడండి.

ప్రశ్న: తెర మీద కనబడే పేదవాళ్ళకి ఏమైనా దక్కుతుందా? అవార్డులన్నీ దర్శకులకేనా?

జవాబు: ఎక్కువగా దర్శకులకే. ముందే డబ్బిస్తే మనం వినాలనుకున్నదే చెబుతారేమోనన్న భయంతో చాలామంది ఇవ్వరు, ఆ భయంలో కొంత న్యాయం ఉంది, కొంత సౌకర్యమూ ఉంది. ఉత్తర మాసిడోనియాలో తేనెటీగలు పెంచే ఒకావిడ మీద తీసిన ‘హనీల్యాండ్’ (2019) బృందం మాత్రం తర్వాత ఆమెకి వేరే ఊళ్ళో ఇల్లు ఏర్పాటు చేసింది.

డబ్బుకంటే పెద్ద తగాదా, తమని ఎలా చూపించారన్న దాని మీద వస్తుంది. జాన్ రూష్, ఎడ్గార్ మొరాన్ 1960లోనే పారిస్‌లో ‘క్రానికల్ ఆఫ్ ఎ సమ్మర్’ (1961) అనే సినిమా తీసి, అందులో ఉన్నవాళ్ళకే వేసి చూపించి, వాళ్ళు దాన్ని తిట్టడం కూడా చిత్రీకరించి సినిమా చివర్లో పెట్టేశారు. అంత ధైర్యం అందరికీ ఉండదు. ఉత్తరప్రదేశ్ వార్తాసంస్థ ‘ఖబర్ లహరియా’ మహిళా విలేకరుల మీద తీసిన ‘రైటింగ్ విత్ ఫైర్’ ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్ళింది, అయినా 2022లో ఆ సంస్థే, మా పనిలో ఒక భాగాన్నే చూపించి అదే మేమన్నట్టు తీశారని ప్రకటన ఇచ్చింది. ఆ సినిమా చూస్తే ఆ ప్రకటన కూడా వెతికి చదవండి.