కార్డు వడ్డీని ఊరి లెక్కలో చూస్తే నూటికి నాలుగు రూపాయల పైమాటే

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలం. పైడిభీమవరంలో ఒక మందుల కంపెనీలో ఆపరేటర్‌గా పనిచేస్తున్నాను. నెలకు రూ.23,400 చేతికి వస్తుంది. మా ఆవిడ కుట్టుపని మీద మరో రూ.3,500 తెస్తుంది. ఇద్దరు పిల్లలు, అమ్మ మాతోనే ఉంటారు. అమ్మ ఆపరేషన్‌కు, ఆ తర్వాత ఇంటి ఖర్చులకు క్రెడిట్ కార్డులు వాడాను. ఒక కార్డు మీద రూ.84,000, ఇంకోదాని మీద రూ.31,000 బాకీ ఉంది. 14 నెలలుగా కనీస మొత్తం కడుతున్నా అప్పు తగ్గకపోగా పెరుగుతోంది. పోయిన నెల రెండు రోజులు ఆలస్యమైతే రూ.900 జరిమానా కూడా వేశారు. పోస్టాఫీసులో నెలకు వెయ్యి చొప్పున 26 నెలలుగా ఆర్డీ కడుతున్నాను. మా ఆవిడకు పుట్టింటివారు పెట్టిన రెండున్నర తులాల గొలుసు ఉంది కానీ దాన్ని ముట్టుకోవడం నాకు ఇష్టం లేదు. లోన్ యాప్‌లో తీసుకోవాలా, ఊళ్లో రెండు రూపాయల వడ్డీకి తేవాలా, బ్యాంకుతో సెటిల్‌మెంట్ చేసుకోవాలా? మా ఆవిడకు ఒక కార్డు సంగతే తెలుసు. ఆమెను కంగారు పెట్టకుండా దారి చెప్పండి.

జవాబు: ఊళ్లో రెండు రూపాయల వడ్డీకి తేవడానికి మీరు జంకుతున్నారు. జంకడం మంచిదే. కానీ మీరిప్పుడు ఎంత వడ్డీ కడుతున్నారో అదే ఊరి లెక్కలో చూడండి. మీరు పంపిన స్టేట్‌మెంట్ల ప్రకారం మొదటి కార్డుకు వడ్డీ నెలకు 3.6 శాతం, రెండో కార్డుకు 3.75 శాతం. ఆ వడ్డీ మీద మళ్లీ 18 శాతం జీఎస్టీ. అన్నీ కలిపితే మొదటిది నూటికి నాలుగు రూపాయల పాతిక పైసలు, రెండోది నాలుగు రూపాయల నలభై రెండు పైసలు. ఊళ్లో ఎవరైనా నాలుగు రూపాయల వడ్డీ అడిగితే వాళ్ల అరుగు దిగి వచ్చేస్తాం. బ్యాంకు అడిగితే మాత్రం మొబైల్ ఫోనులో సంతకం లేకుండానే ఒప్పుకుంటున్నాం.

ఇప్పుడు ఆ శాతాలను మీ బాకీకి పెడదాం. రూ.84,000 మీద నెలకు రూ.3,568, రూ.31,000 మీద రూ.1,372. మొత్తం రూ.4,940 వడ్డీకీ పన్నుకూ పోతోంది. బాకీలో 5 శాతం చొప్పున మీరు కడుతున్న కనీస మొత్తం రూ.5,750. అంటే అసలులో తగ్గేది రూ.810. పోయిన నెల సరుకులకు, అమ్మ మందులకు కలిపి కార్డు మీద మీరు గీకింది రూ.1,900. అప్పు ఎందుకు పెరుగుతోందో వేరే చెప్పనవసరం లేదు.

ఆ రూ.1,900లో మీరు గమనించని సంగతి ఇంకొకటి ఉంది. కార్డు మీద కొన్నదానికి నలభై, యాభై రోజులు వడ్డీ ఉండదని అందరూ అనుకుంటారు. పాత బిల్లు పూర్తిగా తీర్చినవారికే ఆ వెసులుబాటు. పాత బాకీ కొంత మిగిలి ఉన్నా అది పోతుంది. మీరు కొన్న కందిపప్పుకు కొన్న రోజు నుంచే వడ్డీ నడుస్తోంది. కనీస మొత్తమే కడుతూ పోతే అప్పు తీరడానికి నెలలు, ఏళ్లు పడుతుందన్న హెచ్చరికను స్టేట్‌మెంటులో వేయాలని రిజర్వు బ్యాంకు నియమం. మీ స్టేట్‌మెంటులో కూడా ఉంది. కనీస మొత్తం లావు అక్షరాల్లో, ఆ హెచ్చరిక చీమతలంత అక్షరాల్లో.

ఇంత వడ్డీ చట్టవిరుద్ధం కాదా అని చాలామంది అడుగుతుంటారు. ఏడాదికి 30 శాతం దాటితే అన్యాయమని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో చెప్పింది. సుప్రీంకోర్టు 2024 డిసెంబరులో ఆ తీర్పును కొట్టేసింది. కాబట్టి ఆ ఆశ వదిలేసి మన లెక్క మనం చూసుకుందాం.

మీరు రాసిన ఇంటి ఖర్చులన్నీ కూడి చూశాను. అద్దె, సరుకులు, బడి ఫీజులు, మందులు, పెట్రోలు, కరెంటు, ఆర్డీ, కార్డుల కనీస మొత్తం కలిపి రూ.26,850. ఇద్దరి ఆదాయం రూ.26,900. మిగిలేది యాభై రూపాయలు. ఎవరికి జ్వరం వచ్చినా, ఎవరింట్లో పెళ్లయినా కార్డు తీయక తప్పదు. టీలు మానేయండి, సినిమాలు తగ్గించండి అని రాయడం నాకు తేలికే కానీ, మీ ఇంట్లో కోసేయడానికి కొవ్వేమీ లేదు. కోయాల్సింది వడ్డీని.

అందుకు అన్నింటికంటే చవక దారి మీరు ముట్టుకోనన్న గొలుసే. ప్రభుత్వరంగ బ్యాంకులో బంగారం మీద ఏడాదికి పది శాతానికి అటూఇటూగా అప్పు దొరుకుతుంది. ఊరి లెక్కలో ఎనభై, తొంభై పైసలు. రెండున్నర తులాల మీద ఈ రోజు ధరకు మీ రూ.1,15,000 పుట్టడం కష్టం కాదు. పది శాతం లెక్కన మొదటి నెల వడ్డీ రూ.958 అవుతుంది. నెలకు రూ.5,750 చొప్పున కడితే 22 నెలల్లో తీరిపోతుంది. అదే డబ్బు కార్డులకు కడితే, కొత్తగా రూపాయి కూడా వాడకపోయినా, నాలుగేళ్లకు దగ్గరగా పడుతుంది.

అయినా రూ.5,750 కట్టమని నేను చెప్పను. కార్డు ఆపగానే ఇన్నాళ్లూ దాని మీద వాడిన ఆ రూ.1,900 ఎక్కడి నుంచి వస్తుంది? అందుకని బంగారం అప్పుకు నెలకు రూ.4,000 కట్టండి. 33 నెలలు పడుతుంది. మిగిలిన రూ.1,750 ఇంటికి వాడుకోండి. బోనసు, ఓవర్‌టైము వచ్చినప్పుడు కొంత అదనంగా కడితే గడువు తగ్గుతుంది. బ్యాంకుకు వెళ్లినప్పుడు, మధ్యలో కొంత కొంత కట్టుకోవచ్చా, బంగారం విలువ కట్టే అప్రైజర్ ఫీజు ఎంత, ఏడాది గడువు అయితే తిరగరాయడానికి వడ్డీ మొత్తం కట్టాలా అని ముందే అడగండి. గడువు తేదీ మరిచిపోతే వేలం నోటీసు వస్తుంది. ఆ తేదీ ఇంట్లో క్యాలెండరు మీద ఉండాలి.

ఇక మీ చివరి మాట. మీ ఆవిడను కంగారు పెట్టకుండా, అంటే ఆమెకు తెలియకుండా, దారి చెప్పమన్నారు. గొలుసు ఆమెది. ఆమె ఒప్పుకోకుండా దాన్ని తాకట్టు పెట్టే హక్కు మీకు లేదు. అంటే మీకున్న అన్నింటికంటే చవక అప్పు ఆమెతో మాట్లాడితేనే దొరుకుతుంది. కొన్ని నెలల క్రితం విజయనగరం నుంచి ఒక జంట నా దగ్గరకు వచ్చారు. భర్త పర్సులోంచి నాలుగు మడతలు పెట్టిన స్టేట్‌మెంటు తీసి బల్ల మీద పెట్టి కిటికీ వైపు తిరిగాడు. ఆవిడ తిట్టలేదు. కాగితం విప్పి వేలితో ఒక్కో వరుసా చూసుకుంటూ, ‘ఇందులో మీ చెల్లెలి సారెకు పెట్టింది ఎంత?’ అని మాత్రం అడిగింది. తర్వాత నాతో అంది: ‘ఫోను బోర్లా పెట్టడం మొదలుపెట్టినప్పుడే అనుకున్నానండీ.’ మీ ఇంట్లో కూడా మీరనుకున్నంత రహస్యం మిగిలి ఉండకపోవచ్చు.

ఆమె ఇవ్వనంటే బలవంతపెట్టకండి. అది పుట్టింటి సొత్తు. అప్పుడు పెద్ద కార్డు బ్యాంకుకు ఫోన్ చేసి బాకీని వాయిదాల్లోకి మార్చమని అడగండి. అందరికీ ఇవ్వరు. ఇస్తే, ఉదాహరణకు 16 శాతం మీద 36 నెలలకైతే, రూ.84,000కు నెల వాయిదా సుమారు రూ.2,950. వడ్డీ భాగం మీద జీఎస్టీ మొదటి నెల మరో రెండు వందలు. అసలుతో సహా తీర్చే ఈ వాయిదా, మీరిప్పుడు అదే కార్డుకు ఒట్టి వడ్డీగా కడుతున్న రూ.3,568 కంటే తక్కువ! ప్రాసెసింగ్ ఫీజు ఎంతో, ముందే తీర్చేస్తే జరిమానా ఉందో లేదో కనుక్కోండి. చిన్న కార్డు రూ.31,000కు, ఆమె డ్వాక్రా సంఘంలో ఉంటే, పొదుపులోంచి రూపాయి వడ్డీకి దొరుకుతుందేమో చూడండి. అయితే అక్కడ వాయిదా తప్పితే ఫోన్లు రావు, పక్కింటి ఆడవాళ్ల ముందు ఆమె తల దించుకోవాలి. నెలనెలా కట్టగలమన్న నమ్మకం ఉంటేనే ఆ అప్పు తీసుకోండి.

మీరు అడిగిన మూడు దారుల సంగతి. లోన్ యాప్ వద్దు. సెటిల్‌మెంట్, అంటే బాకీలో కొంతే కట్టి బ్యాంకుతో తేల్చేసుకోవడం, కూడా వద్దు. కట్టలేక చేతులెత్తేసినవారికి అది ఆఖరి మెట్టు. మీ అప్పుల చరిత్ర చెప్పే సిబిల్ నివేదికలో ‘సెటిల్డ్’ అన్న మాట పడితే రేపు ఇంటి రుణానికి వెళ్లినప్పుడు అది ఎదురొస్తుంది. మీరింకా కడుతూనే ఉన్నారు. ఊళ్లో రెండు రూపాయలంటే, లెక్కకు కార్డులో సగం కూడా కాదు, నిజమే. అయినా నాకు ఇష్టం లేదు. ప్రామిసరీ నోటుకు కాలపరిమితి మూడేళ్లు. తీరకపోతే నోటు తిరగరాస్తారు, అప్పటిదాకా పెరిగిన వడ్డీ అసలులో కలిసిపోతుంది. పైగా ఖాళీ నోటు మీద సంతకం పెట్టమనేవారు ఇప్పటికీ ఉన్నారు.

ఆర్డీని ఏం చేయాలో మీరు అడగలేదు కానీ చెప్పాలి. 6.7 శాతం వడ్డీ వచ్చేచోట డబ్బు దాచి, 50 శాతం వడ్డీ పోయేచోట అప్పు ఉంచడం లెక్కకు నిలవదు. అయితే పోస్టాఫీసు ఆర్డీని మూడేళ్లలోపు మూయలేరు. 12 వాయిదాలు కట్టినవారికి జమలో సగం వరకు, ఆర్డీ వడ్డీకి రెండు శాతం కలిపి, అప్పు ఇస్తారు. మీకు రూ.13,000 వరకు 8.7 శాతానికి వస్తుంది. దాన్ని కార్డుకు కట్టమని లెక్క చెబుతుంది. నేను మాత్రం దాచుకోమంటాను. కార్డు పక్కన పెట్టాక ఇంట్లో ఎవరికైనా జ్వరం వస్తే మీకు మిగిలే ఆసరా అదొక్కటే. అమ్మగారికి మళ్లీ ఆస్పత్రి అవసరం పడితే, చేర్చే ముందే ఎన్టీఆర్ వైద్య సేవ కింద వస్తుందేమో అక్కడి ఆరోగ్యమిత్రను అడగండి.

ఆ రూ.900 జరిమానా తిరిగి రాబట్టుకోవచ్చు. గడువు దాటి మూడు రోజులకు మించితేనే ఆలస్య రుసుము వేయాలని రిజర్వు బ్యాంకు నిబంధనల్లో ఉంది. మీది రెండు రోజులే. తేదీలు చూపిస్తూ బ్యాంకుకు రాయండి. 30 రోజుల్లో సరైన జవాబు రాకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. ఎలా చేయాలో 14448కు ఫోన్ చేస్తే చెబుతారు.

కార్డులు తీర్చే రోజున అసలు ప్రమాదం మొదలవుతుంది. డబ్బు జమ కాగానే రెండు కార్డుల లిమిట్ మళ్లీ నిండుగా కనిపిస్తుంది. తాకట్టు అప్పు ఒక పక్క, కొత్త కార్డు అప్పు ఇంకో పక్క పెట్టుకుని వచ్చినవారిని చాలామందిని చూశాను. ఆ రోజే పెద్ద కార్డు లిమిట్‌ను రూ.15,000కు తగ్గించమని అడగండి. ఫోనులోని చెల్లింపు యాప్‌లన్నింటిలోంచి కార్డు నంబర్లు తీసేయండి. చిన్న కార్డును మూసేయండి. బాకీ లేనప్పుడు అడిగితే ఏడు పనిదినాల్లో మూయాలి. ఆలస్యం చేస్తే రోజుకు రూ.500 చొప్పున బ్యాంకే మీకు కట్టాలి. అయితే బిల్లులో ఉన్నదంతా కట్టేశాక కూడా మరుసటి నెల కొన్ని వందల రూపాయల బిల్లు వస్తుంది. బిల్లు తేదీ నుంచి మీరు కట్టిన రోజు వరకు నడిచిన వడ్డీ అది. మోసం జరిగిందని కంగారు పడకండి. అదీ కట్టేసి, బాకీ లేదన్న ఉత్తరం తెప్పించుకుని, మూసేయమని అప్పుడు రాయండి.