సంతకం పెట్టే ముందు నాకు చూపించు

చిన్నీ,

ఉద్యోగం మానేసి ఇక టీనేజీ పిల్లల నవలలే రాస్తానన్నావని మీ అమ్మ ఫోన్ చేసి ఒకటే ఏడుపు. నాకూ టెన్షన్‌గానే ఉంది. కానీ నువ్వు పంపిన రెండు అధ్యాయాలూ మళ్లీ చదివాను. ఇంటర్ హాస్టల్లో, స్టడీ అవర్లో, ఆ పిల్ల లెక్కల పుస్తకం చాటున ఇంటికి ఉత్తరం రాసుకోవడం ఎంత బాగా రాశావే! మన పుస్తకాల షాపుల్లో చిన్నపిల్లల కథలకో అర, పెద్దవాళ్ల నవలలకో అర. పదిహేనేళ్ల పిల్ల వెళ్లి వెతుక్కోవడానికి చోటే ఉండదు. నువ్వు రాయాల్సిందే.

ఉద్యోగం మాత్రం ఇప్పుడే మానకు. రాసింది తొమ్మిదో తరగతి పిల్లలకి చదివి వినిపించు. వాళ్ల చూపు కిటికీ వైపు పోయిన చోట కొట్టెయ్.

రెండో పుస్తకం దగ్గర చెయ్యి ఆగిపోతే బెంగపడకు. అమెరికాలో ఎస్.ఇ. హింటన్ బడిలో ఉండగా రాసిన నవల 1967లో వచ్చింది. అప్పటికి ఆమెకి పద్దెనిమిదేళ్లు. పేరొచ్చాక ఆ ఒత్తిడికి కొన్నేళ్లు ఏమీ రాయలేకపోయింది. రోజుకి రెండు పేజీలు రాస్తేగానీ బయటికి తీసుకెళ్లనని స్నేహితుడు పట్టుబడితే, 1971లో రెండోది వచ్చింది. నువ్వూ రెండు పేజీలే పెట్టుకో.

ఇక అసలు సంగతి. ప్రచురణకర్త ఒప్పందం పంపారటగా. సంతకం పెట్టలేదు కదా?

మీ పెదనాన్న 2001లో ఒక పత్రికకి పిల్లల సీరియల్ రాశారు. డబ్బు తీసుకోవడానికి వెళ్తే కౌంటర్లో వోచర్ ముందుకి తోశారు. రెవెన్యూ స్టాంపు మీద సంతకం చేసి వచ్చేశారు. స్టాంపు కింద చిన్న అక్షరాల్లో సర్వహక్కులూ పత్రికవేనని ఉంది. ప్రూఫులు దిద్దే మనిషి! ఇతరుల పుస్తకాల్లో ఒక్క ఒత్తు జారినా పట్టుకునేవారు. తన కాగితం చదవడానికి మాత్రం వెనకాల క్యూ ఉందని మొహమాటం. తర్వాత పుస్తకంగా వేద్దామని వేసవంతా కూర్చుని తిరగరాశారు. అనుమతి అడిగితే కుదరదన్నారు. పోనీ వాళ్లు వేశారా, అదీ లేదు. ఆ కట్ట మా బీరువాలోనే ఉండిపోయింది. ఆయన మళ్లీ పిల్లల కోసం ఏమీ రాయలేదు.

ఆయన పోయాక ఒక లాయరు చెప్పారు. 1957 కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం, హక్కులు రాసిచ్చిన కాగితంలో గడువు లేకపోతే ఐదేళ్లే చెల్లుతుందట. ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. ఆ వోచర్లో గడువు లేదు. అంటే 2006కల్లా ఆ నవల తిరిగి ఆయనదైపోయింది. అప్పటికి మనిషి ఉన్నారు. తెలియక, ఉత్తరాలు రాసి వాళ్లనే బతిమాలుతూ కూర్చున్నారు. తలుచుకుంటే ఇప్పటికీ నాకు నిద్ర పట్టదు.

అందుకే చెబుతున్నా, పెద్దవాళ్లని అడిగితే బాగోదని నసగకు. అచ్చు, ఈ-బుక్, ఆడియో, అనువాదం, సినిమా, ఏ హక్కుకా హక్కు విడిగా రాయమను. రాయల్టీ, అంటే అమ్ముడైన కాపీల మీద నీకొచ్చే వాటా, పుస్తకం వెల మీద లెక్కకడతారా, వాళ్ల చేతికొచ్చిన డబ్బు మీదా అని అడుగు. కాపీలు అయిపోయి మళ్లీ వెయ్యకపోతే హక్కులు ఎన్నాళ్లకి నీకొస్తాయో కాగితం మీద ఉండాలి. నీ రాత నీ తర్వాత కూడా 60 ఏళ్లు నీవాళ్లది తల్లీ.

పేజీలన్నీ ఫోటోలు తీసి ఈ రాత్రికే వాట్సాప్ చెయ్. ఆదివారం వచ్చెయ్, ఇద్దరం కూర్చుని ఒక్కో క్లాజూ చదువుదాం. లాయరుగారిని కూడా రమ్మంటాను.

మీ పెద్దమ్మ