కొత్త ఫెండర్ పాత కారుకి ఎందుకు కూర్చోదు?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే గోడు. పాత కారుని మళ్లీ నిలబెడదామని, ఇప్పుడు కొత్తగా తయారుచేసి అమ్ముతున్న రీప్రొడక్షన్ బాడీ ప్యానెళ్లు తెప్పించుకున్నవాళ్లు, అవి సరిగ్గా కూర్చోక తల పట్టుకుంటున్నారు. అందుకే మిగతా విషయాలు పక్కనపెట్టి ఈసారి మొత్తం దీనికే ఇచ్చేస్తున్నాను.

ప్రశ్న: అన్నా, నాది 1960ల నాటి కారు. ఎడమవైపు ముందు ఫెండర్, అదే చక్రం మీది రేకు, తుప్పుకి పోయింది, కొత్తది తెప్పించాను. బోల్టులు పెట్టి చూస్తే డోర్ దగ్గర పైన వేలు దూరేంత గ్యాప్, కింద మాత్రం డోర్‌కి ఆనుకుంటోంది. రెండు రంధ్రాలైతే అసలు కలవడమే లేదు. నన్ను మోసం చేశారా? తిప్పి పంపేయాలా?

జవాబు: ఆగు తమ్ముడూ, ఇంకా ఆ మాట అనొద్దు. అప్పట్లో ఫ్యాక్టరీలో ఒక ఫెండర్ పెద్ద పెద్ద ప్రెస్సుల కింద, ఒకదాని తర్వాత ఒకటిగా కొన్ని డైలలో, అంటే ఉక్కు అచ్చుల్లో, దెబ్బలు తిని ఆకారానికి వచ్చేది. ఇప్పుడు తక్కువ సంఖ్యలో చేసేవాళ్లు చాలామంది ఒక పాత ఫెండర్‌ని కొలిచి దాన్నిబట్టి డై చేసుకుంటారు, దెబ్బలూ తక్కువే వేస్తారు. అందుకే రేకు మీది బాడీ గీతలు కాస్త మొద్దుగా వస్తాయి, అంచు మడత కోణం ఒకటి రెండు డిగ్రీలు తప్పుతుంది, రంధ్రం ఒక పక్కకి జరుగుతుంది. అసలు డైల మీదే కొట్టినవీ కొన్ని ఉన్నాయి; బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ సంస్థ 1988లో ఎంజీబీ అనే పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు బాడీ షెల్‌ని పాత టూలింగ్ (ఆ డైలూ పరికరాలూ) వెతికి పట్టుకుని మళ్లీ తయారుచేయడం మొదలుపెట్టింది. అలాంటివి దొరికితే అదృష్టమే, కానీ వాటికీ చేతిపని తప్పదు. ఎందుకంటే నీ కారు కొత్తగా బయటికి వచ్చిన రోజున కూడా ఎవరో ఒక పనివాడు షిమ్ములు (సందు సరిచేసే పల్చటి రేకు ముక్కలు) పెట్టి, చేత్తో వంచి, అతుకుల మీద సీసం పోసి నునుపు చేసి ఆ ఫెండర్‌ని కూర్చోబెట్టాడు. పెట్టెలోంచి తీసిన ప్యానెల్‌ని పూర్తయిన వస్తువు అనుకుంటే టెన్షనే. అది సగం పని అయిన రేకు, మిగతా సగం మనం చేయాలి.

ముందు తప్పు ఫెండర్‌దా, కారుదా తేల్చుకో. ఆ పాత ఫెండర్ ఎంత తుప్పు పట్టినా సరే, దాన్నే మళ్లీ బిగించి చూడు. దానికీ అదే గ్యాప్ వస్తే కొత్తదాన్ని తిట్టి లాభం లేదు. అప్పుడు డోర్ సగం తెరిచి, చివర పట్టుకుని పైకి ఎత్తు, టకటకమని కదిలితే హింజ్ పిన్నులూ బుష్‌లూ అరిగిపోయినట్టే, వాటిని మార్చేదాకా ఏ గ్యాపూ నిలబడదు. ఇంకోటి, కారు ఎక్కడ నిలబడి ఉంది? మధ్యలో జాకీ పెట్టి లేపిన కారుకి గ్యాప్‌లు సరిచేస్తే, చక్రాల మీదకి దించగానే మొత్తం మారిపోతుంది. సమంగా ఉన్న నేల మీద, దాని చక్రాల మీదే ఉండాలి, లేదా సస్పెన్షన్ కింద స్టాండ్లు ఉండాలి.

ఆ తర్వాత వరస. వెనక క్వార్టర్ ప్యానెల్, అంటే వెనక చక్రం మీది పక్క రేకు, వెల్డింగ్‌తో బాడీకి అతుక్కుని ఉంటుంది, కదలదు, కాబట్టి అక్కణ్ణుంచి ముందుకి రావాలి. డోర్‌ని క్వార్టర్‌కీ, కింద సిల్‌కీ (గుమ్మంలా ఉండే రేకు దూలానికి) సరిచేయి, ఫెండర్‌ని డోర్‌కి సరిచేయి, బానెట్‌ని ఫెండర్లకి సరిచేయి. చాలామంది బానెట్ అందంగా కనబడుతుందని అక్కడ మొదలుపెడతారు, చివరికి తప్పంతా డోర్ దగ్గర పోగవుతుంది. బోల్టులన్నీ ముందు రెండేసి చుట్లు మాత్రం తిప్పి వదిలేసి, ఫెండర్‌ని చేత్తో జరుపుకుంటూ, డోర్ పక్క గ్యాప్ కుదిరాకే ఒక్కొక్కటీ బిగించుకుంటూ రా. పాత ఫెండర్ విప్పేటప్పుడు ఏ బోల్టు కింద ఎన్ని షిమ్ములు ఉన్నాయో రాసుకున్నావా? అదే నీకు మొదటి ఆధారం. నువ్వు చెప్పిన గ్యాప్ పైన ఎక్కువ, కింద తక్కువ కాబట్టి, ఫెండర్ కింది చివర బోల్టుని ముందుకి జరిపి, పై వెనక బోల్టు దగ్గర షిమ్ము మార్చి చూడు, చాలావరకు అక్కడే సర్దుకుంటుంది. కలవని రంధ్రాన్ని గుండ్రని ఆకురాయితో రెండు మూడు మిల్లీమీటర్లు సాగదీయడంలో తప్పేం లేదు, పైన పెద్ద వాషర్ వేస్తే సరి. అంతకంటే ఎక్కువ తేడా ఉంటేనో, గీత డోర్ మీది గీతతో అసలు కలవకపోతేనో, అప్పుడు తిప్పి పంపు. కానీ ఒకసారి కోసినా, రంగు వేసినా అమ్మినవాళ్లు సాధారణంగా వెనక్కి తీసుకోరు, కాబట్టి ఈ చూసుకోవడాలన్నీ ముందే అయిపోవాలి.

ప్రశ్న: కొత్త ప్యానెళ్ల మీద నల్లటి పూత ఉంది. దాని మీదే పెయింట్ కొట్టేయొచ్చా?

జవాబు: థిన్నర్‌లో ముంచిన గుడ్డతో, కనబడని ఒక మూల గట్టిగా రుద్దండి. నలుపు గుడ్డకి అంటుకుంటే అది దారిలో తుప్పు పట్టకుండా కొట్టిన మామూలు రంగు, మొత్తం గీకేసి రేకు బయటపడ్డాకే ఎపాక్సీ ప్రైమర్ వేయాలి. కదలకపోతే అది కరెంటుతో ఎక్కించిన ఈడీపీ పూత, మంచిదే, సన్న ఎమరీతో గరుకు చేసి దాని మీద ప్రైమర్ వేసుకోవచ్చు. రవాణాలో గీతలు పడ్డచోట మాత్రం భూతద్దం పెట్టినట్టు చూడండి, పూత కింద తుప్పు అప్పుడే మొదలై ఉండొచ్చు.

ప్రశ్న: నమస్కారమండీ. నాన్నగారి ఓపెన్ టాప్ కారుని బాగు చేయిస్తున్నాను. డోర్ల కింద సిల్స్ రెండూ, వెనక క్వార్టర్ల కింది భాగం తుప్పు తినేసింది. కొత్త సిల్స్, పూర్తి క్వార్టర్ ప్యానెళ్లు వచ్చేశాయి. టింకరింగ్ చేసే ఆయన రెండువైపులా ఒకేసారి కోసేస్తే పని త్వరగా అయిపోతుందంటున్నారు. ఒప్పుకోమంటారా?

జవాబు: వద్దమ్మా, దయచేసి ఒప్పుకోకండి. మిగతా జవాబులన్నీ మర్చిపోయినా ఇదొక్కటి గుర్తుంచుకోండి. పైకప్పు లేని కారుకి బలం చాలావరకు ఆ సిల్స్‌లోనే ఉంటుంది. రెండూ ఒకేసారి తీసేస్తే కారు మధ్యలో కుంగుతుంది, కుంగినప్పుడే కొత్త సిల్ వెల్డ్ చేస్తే ఆ వంకర శాశ్వతం అయిపోతుంది, ఇక ఆ డోర్లు ఎప్పటికీ సరిగ్గా పడవు. కోత మొదలుపెట్టకముందే డోర్ ముందున్న స్తంభం నుంచి వెనక స్తంభానికి చదరపు పైపులు అడ్డంగా, ఏటవాలుగా వెల్డ్ చేయించండి. డోర్ మూసుకునేలా వాటిని లోపలివైపు పెట్టమనండి, ఎందుకంటే ప్రతి దశలోనూ డోర్ మూసి చూడాలి. ద్వారం కొలతలు, ఆ మూల నుంచి ఈ మూలకి రెండు కర్ణాలూ, తీసి ఎక్కడైనా రాసి పెట్టుకోండి. తర్వాత ఒక వైపే కోయాలి, ఆ వైపు పూర్తిగా వెల్డ్ అయ్యాకే రెండో వైపు.

కొత్త సిల్‌ని ముందు వైస్ గ్రిప్‌లతో, చిన్న సెల్ఫ్ ట్యాపింగ్ స్క్రూలతో పట్టించి, డోర్ వేలాడదీసి, మూసి, గ్యాప్ చూసి, మళ్లీ విప్పి, మళ్లీ పెట్టి... ఇది విసుగు పుట్టించే పనే, కానీ గ్యాప్ కుదిరేది ఇక్కడే, వెల్డింగ్ అయ్యాక కాదు. స్క్రూలతో ఉన్నప్పుడు బాగా కనబడనిది వెల్డ్ అయ్యాక బాగుపడటం నేనెప్పుడూ చూడలేదు. మీ టింకరింగ్ ఆయనకి ఈ ఓపిక లేకపోతే ఇంకొకరిని వెతకడంలో మొహమాటం పడకండి.

కుదిరాక, ఫ్యాక్టరీ స్పాట్ వెల్డ్‌లు (చుక్కల్లాంటి అతుకులు) ఎక్కడెక్కడ ఉండేవో అక్కడే, దాదాపు అంతే దూరంలో, కొత్త రేకుకి 6 నుంచి 8 మిల్లీమీటర్ల రంధ్రాలు వేసి, వాటిని వెల్డ్‌తో నింపుతూ ప్లగ్ వెల్డ్ చేయొచ్చు. రెండు రేకులు కలిసే లోపలివైపు జింక్ ఉండే వెల్డ్-త్రూ ప్రైమర్ పట్టించాలి, సరిగ్గా వెల్డ్ పడే చుక్క దగ్గర మాత్రం దాన్ని తుడిచేస్తే వెల్డ్ శుభ్రంగా వస్తుంది. సిల్ గాల్వనైజ్డ్ రేకు అయితే వెల్డ్ పడేచోట జింక్ పూత గీకేయాలి, ఆ పొగ పీలిస్తే రాత్రికి చలిజ్వరం వస్తుంది. గాలి ఆడాలి, మాస్కు ఉండాలి. బ్యాటరీ వైర్లు తీసేయించండి, పెట్రోల్ ట్యాంకు దించేయించండి, పక్కన మంటలార్పే సిలిండర్ ఉండాలి. పని ఆపాక కూడా కాసేపు ఎవరైనా అక్కడే ఉండాలి, పాత అండర్ కోటింగ్ లోపల్లోపల రాజుకుని తర్వాత అంటుకుంటుంది. పాత అతుకుల మీద బూడిద రంగులో మెత్తటి లోహం కనిపిస్తే అది సీసం, గ్రైండర్ పెట్టనివ్వకండి, ఆ ధూళి విషం.

ఇక క్వార్టర్ ప్యానెల్. పూర్తిది కొన్నారు కదా అని పూర్తిది వేయించాలని లేదు. నాన్నగారి కారు రేకు పైభాగం బాగుందంటే అది అలాగే ఉండనివ్వండి, కింద కుళ్లినంత మేర, ఇంకొంచెం పైకి మంచి రేకు తగిలేదాకా కోసి, కొత్తదాంట్లోంచి అంత ముక్కే వాడించండి. అసలు ఆకారం, పై గీత, వెనక లైటు మూల అన్నీ చెక్కుచెదరకుండా ఉంటాయి, రీప్రొడక్షన్ ప్యానెళ్లలో సాధారణంగా తేడా వచ్చేది సరిగ్గా ఆ మూలల్లోనే. అతుకు గీతని పెద్ద చదునైన చోట మధ్యలో పెట్టనివ్వకండి, వేడికి రేకు వంకర్లు పోతుంది. బాడీ గీత కిందో, వంపు ఉన్నచోటో పెడితే రేకు తట్టుకుంటుంది. రెండు అంచులూ ఎదురెదురుగా ఆనించి చుక్కలు చుక్కలుగా వెల్డ్ వేయాలి, ఒకటి ఇక్కడ వేస్తే తర్వాతది దూరంగా, మధ్యలో చెయ్యి పెట్టి పట్టుకోగలిగేంత చల్లారనివ్వాలి. వెల్డ్ చల్లారుతూ రేకుని లాక్కుంటుంది, అందుకే మధ్యమధ్యలో సుత్తి, డాలీతో (రేకు వెనక ఆనించి పట్టే ఇనుప దిమ్మ) ఆ చుక్కల్ని మెల్లగా కొట్టి సాగదీయాలి. ఒకదాని మీద ఒకటి ఎక్కించి వెల్డ్ చేయడం సులువే, కానీ ఆ మడతలో నీళ్లు నిలిచి కొన్నేళ్లకి మళ్లీ ఇదే ఉత్తరం రాయాల్సి వస్తుంది. రంగు అయ్యాక సిల్ లోపలికి, క్వార్టర్ లోపలికి తుప్పు పట్టనివ్వని క్యావిటీ వ్యాక్స్ కొట్టించడం మర్చిపోకండి.

ప్రశ్న: డోర్ వెనక అంచు దగ్గర గ్యాప్ పైన 4 మి.మీ., కింద 7 మి.మీ. ఉంది. అన్నీ వెల్డ్ అయిపోయాయి, హింజ్‌లో సర్దుబాటు అయిపోయింది. పుట్టీ పెట్టి అంచు పెంచమంటున్నారు.

జవాబు: అంచు మీద పుట్టీ వద్దండీ. డోర్ ధడేల్‌మని నాలుగుసార్లు పడితే పెచ్చులు ఊడిపోతుంది. వెడల్పు ఉన్నచోట డోర్ అంచుకి సన్నటి ఇనుప తీగ వెల్డ్ చేసి, తర్వాత ఆకురాయితో కావలసినంత అరగదీయాలి, కింద ఎక్కువ, పైకి పోయేకొద్దీ తక్కువ. ఇరుకుగా ఉన్నచోట వ్యతిరేకం: నేరుగా గ్రైండర్ పెడితే బయటి రేకు మడత తెగి విడిపోతుంది, ముందు మడత అంచుని చుక్కలుగా వెల్డ్ చేసి అప్పుడు అరగదీయాలి. గ్యాప్ ఎంత అన్నదానికంటే పైనుంచి కిందిదాకా ఒకేలా ఉందా అన్నదే కంటికి తెలిసేది, 5 వచ్చినా అంతటా 5 ఉంటే బాగుంటుంది. కొత్త రబ్బరు బీడింగ్ పెట్టి కూడా ఒకసారి చూసుకోండి, చాలా కొత్త రబ్బర్లు పాతవాటికంటే మందంగా, గట్టిగా ఉండి డోర్‌ని బయటికి తోస్తాయి. అది రంగు వేశాక తెలిస్తే చాలా బాధ.

ప్రశ్న: కొత్త బానెట్ మొదటిసారి మూస్తుంటేనే హింజ్ దగ్గర మడత పడింది. రేకు పలచన అనుకోవచ్చా?

జవాబు: కావచ్చు, కానీ ఎక్కువసార్లు కారణం బిగుసుకుపోయిన హింజ్‌లు. స్ప్రింగు బలంగా ఉండి, కీలు తిరగక, మీరు ముందునుంచి నొక్కితే వంగేది మధ్యలో ఉన్న బానెట్టే. స్ప్రింగులు తీసేసి, హింజ్‌లకి నూనె పెట్టి చేత్తో తేలిగ్గా తిరిగేలా చేసుకుని, గ్యాప్‌లన్నీ అయ్యాకే స్ప్రింగులు ఎక్కించండి. పై రేకుకీ లోపలి చట్రానికీ మధ్య జిగురు చుక్కలు ఉన్నాయో లేదో కూడా చూడండి, కొన్ని రీప్రొడక్షన్ బానెట్లలో అవి ఉండవు, అప్పుడు ప్యానెల్ అదెసివ్ మీరే పెట్టుకోవాలి.

ప్రశ్న: విప్పేసిన పాత ప్యానెళ్లు చోటు తినేస్తున్నాయి. తూకానికి వేసేయనా?

జవాబు: కారు రంగు వేసుకుని, బ్యాడ్జీలు, అంచు పట్టీలు అన్నీ బిగించుకునేదాకా ఒక్కటి కూడా బయటికి పంపకండి. కొత్త ప్యానెళ్లకి చాలావాటికి ఆ బ్యాడ్జీల రంధ్రాలు వేసి రావు. పాతదాని మీద పల్చటి కాగితం పరిచి, బాడీ గీతనీ వెనక అంచునీ ఆధారంగా పెట్టుకుని, రంధ్రాలు పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీసుకోండి. అదే కాగితాన్ని కొత్తదాని మీద పెట్టి చిన్న డ్రిల్‌తో ముందు గుర్తు వేసి, రంగుకి ముందే రంధ్రాలు చేసేయండి. పాతదాంట్లో ఇంకా గట్టిగా ఉన్న మూలలు, అంచు మడతలు కూడా కోసి దాచుకోండి, కొత్త ఫెండర్‌లో మూల తప్పుగా వస్తే వెల్డ్ చేయడానికి అంతకంటే మంచి రేకు దొరకదు.