సీసా మీద 37 శాతం ఉంటే లీటరులో ఎంత?

ప్రశ్న: మా ల్యాబ్‌లో గాఢ హైడ్రోక్లోరికామ్లం సీసా మీద 37 శాతం అని ఉంది. అంటే లీటరుకు 370 గ్రాములు కదా అని అణుభారం 36.46తో భాగిస్తే 10.15 మొలార్ (అంటే లీటరుకు 10.15 మోల్‌లు) వచ్చింది. మా మేడమ్ 12 అంటున్నారు. 0.1 మొలార్ ఆమ్లం లీటరు తయారుచేయాలి. ఏ లెక్క పట్టుకోవాలి?
– డిగ్రీ రెండో సంవత్సరం విద్యార్థిని, నల్గొండ

జవాబు: మేడమ్ చెప్పిందే పట్టుకో అమ్మా. నీ భాగహారం సరిగ్గానే ఉంది. తేడా అంతా ఆ 370 దగ్గరే వచ్చింది.

సీసా మీది 37 శాతం బరువు లెక్క. వంద గ్రాముల ఆమ్లంలో 37 గ్రాముల హైడ్రోజన్ క్లోరైడ్ ఉందని అర్థం. నువ్వు దాన్ని వంద మిల్లీలీటర్లకు లెక్కగట్టావు. అదే లేబుల్ మీద సాంద్రత 1.19 అని కూడా ఉంటుంది, చూడు. అంటే లీటరు ఆమ్లం 1190 గ్రాములు తూగుతుంది. అందులో 37 శాతం 440 గ్రాములు. 36.46తో భాగిస్తే 12.08 మొలార్. సల్ఫ్యూరికామ్లంతో చేసి చూడు, తేడా ఇంకా బాగా తెలుస్తుంది. 98 శాతం, అణుభారం 98.08 కాబట్టి నీ పద్ధతిలో 10 మొలార్ వస్తుంది. సాంద్రత 1.84ని కలుపుకుంటే 18.4. దాదాపు రెట్టింపు!

అన్ని సీసాలకూ ఇదే సూత్రం కాదు. ఆస్పత్రిలో ఎక్కించే 0.9 శాతం సెలైన్‌లో వంద మిల్లీలీటర్లకు 0.9 గ్రాముల ఉప్పు ఉంటుంది. అక్కడ నీ పద్ధతే సరైనది. అందుకే శాతం కనిపించగానే, అది బరువుకా, ఘనపరిమాణానికా అని ముందు అడగాలి. మన పాఠాల్లో ఈ ముక్క ఒక వాక్యంలో తేల్చేయడం నాకెప్పుడూ బాధే.

ఇక నీ ద్రావణం. 0.1ని 1000తో గుణించి 12.08తో భాగిస్తే 8.3 మి.లీ. కావాలి. నీ పాత లెక్కతో 9.85 మి.లీ. పోసి ఉంటే 0.119 మొలార్ అయ్యేది. ఫ్లాస్క్‌లో ముందు సగానికి పైగా డిస్టిల్డ్ వాటర్ పోసి, అందులోకి ఆమ్లం పొయ్యి. తర్వాత గీత దాకా నింపు. పిపెట్ నోట్లో పెట్టి పీల్చొద్దు తల్లీ. రబ్బరు బల్బు లేకపోతే 10 మి.లీ. కొలజాడీ చాలు.

కొలజాడీ చాలని ఎందుకన్నానంటే, ఎంత జాగ్రత్తగా కొలిచినా అది కచ్చితంగా 0.1 కాదు. మూత తీయగానే తెల్లటి పొగ వస్తుందే, అది బయటికి పోతున్న హైడ్రోజన్ క్లోరైడ్ గాలిలో తేమను పట్టుకోవడం వల్లే. మూత తీసి పెట్టి చాలాకాలమైన సీసాలో 37 శాతం మిగలదు.

కాబట్టి స్టాండర్డైజ్ చేయాల్సిందే, అంటే అసలు గాఢత ఎంతో కొలిచి తేల్చుకోవాలి. బాగా ఆరబెట్టిన సోడియం కార్బొనేట్ 1.325 గ్రాములు తూచి 250 మి.లీ.కి కలిపితే 0.05 మొలార్. అందులోంచి 20 మి.లీ. తీసుకుని, మిథైల్ ఆరెంజ్ రెండు చుక్కలు వేసి, బ్యూరెట్‌లోంచి నీ ఆమ్లం వదులు. పసుపు నారింజలోకి తిరిగిన చోట ఆపు. ఒక మోల్ కార్బొనేట్‌కు రెండు మోల్‌ల ఆమ్లం పడుతుంది గనుక, 19.6 మి.లీ. పట్టిందనుకో, 2 × 0.05 × 20 ÷ 19.6, అంటే 0.102 మొలార్. సీసా మీద 0.1 అని కాకుండా ఆ 0.102నే, తేదీతో సహా రాసి అంటించు.