ఊరివాళ్లే మినీబస్సు నడిపితే డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది?

బ్రిటన్ పల్లెల్లో వాలంటీర్లే మినీబస్సు నడుపుతారట, గుంటూరు చుట్టుపక్కల ఊళ్లలో మనమూ పెట్టుకోవచ్చా అని అడిగారు.

అక్కడి పద్ధతి ఉన్నదున్నట్టు ఇక్కడ కుదరదు. అక్కడ 1985 నాటి రవాణా చట్టం 22వ సెక్షన్ కింద లాభాపేక్ష లేని సంఘాలకు విడిగా పర్మిట్ ఇస్తారు. టికెట్టు తీసుకుని ఎవరినైనా ఎక్కించుకోవచ్చు. టికెట్ల డబ్బుకి స్థానిక కౌన్సిల్ (మన జిల్లా పరిషత్తు లాంటిది) గ్రాంటు, విరాళాలు తోడవుతాయి. వాలంటీరు డ్రైవరుకి జీతం ఉండదు కాబట్టే లెక్క సరిపోతుంది.

మనకి 1988 మోటారు వాహనాల చట్టం 66వ సెక్షన్ అడ్డం వస్తుంది: పర్మిట్ లేకుండా బండిని కిరాయికి తిప్పకూడదు. తెల్ల నంబర్ ప్లేటు వ్యానులో తలకి 20 రూపాయలు తీసుకున్నా తప్పే. యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ దగ్గర పేచీ.

అయినా అవసరం నిజం. గుంటూరు పెద్దాసుపత్రి ఓపీకి పొద్దున్నే బయల్దేరిన ముసలమ్మ షేర్ ఆటోలో డ్రైవరు పక్కన అంచున కూర్చుని, ఒక చేత్తో మందుల చీటీల సంచి, ఇంకో చేత్తో కడ్డీ పట్టుకుని వెళ్తుంది. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు బస్సుల్లో ఆడవాళ్లకి ప్రయాణం ఉచితం, కానీ బస్సు వచ్చే ఊరికే ఆ మేలు. అందుకే ముందు పంచాయతీ తీర్మానంతో ఆర్టీసీ డిపో మేనేజర్‌ని కలిసి మీ ఊరికి బస్సు వేయమని అడగండి.

కాదంటే, కాంట్రాక్ట్ క్యారేజ్ పర్మిట్ (బండి మొత్తాన్ని ఒకరికే అద్దెకిచ్చే పర్మిట్) ఉన్న టెంపో ట్రావెలర్‌ని వారానికి రెండు రోజులు ఊరి సంఘమే మొత్తంగా అద్దెకి తీసుకోవాలి. దార్లో ఎవరినీ ఎక్కించుకోకూడదు. ఇక డబ్బు సంగతి: 2013 కంపెనీల చట్టం కింద కంపెనీలు సమాజం కోసం ఖర్చుపెట్టే సీఎస్‌ఆర్ నిధులు గ్రామీణాభివృద్ధికి వాడొచ్చు. అద్దెకి కాకుండా సొంత బండికే కంపెనీని అడిగేట్టయితే బండి ఒక్కటే అడగకండి, డీజిల్, టైర్లు, ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్), ఇన్సూరెన్స్‌లకి మూడేళ్ల ఖర్చు కలిపి అడగండి.